'పగిలిపోయింది' అనే పిల్లల చేత 'పగలగొట్టాను' అనిపించడం ఎలా

మా పెద్దోడు నా చేత ఎనిమిది నెలల పాటు దొంగ సంతకాలు పెట్టించాడు. సంతకాలు నావే, దొంగతనం మాత్రం వాడిది.

నాది నరసన్నపేట. పెళ్లయ్యాక సరిహద్దు అవతల ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి వచ్చాను. బజార్లో బేరమాడేంత ఒడియా నాలుగైదు నెలల్లోనే నోటికి వచ్చేసింది కానీ అక్షరాల జోలికి వెళ్లలేదు, ఇంట్లో తెలుగే, వీధిలో సగం మంది తెలుగువాళ్లే, ఇంక అవసరమేముంది అనుకున్నాను. పిల్లలిద్దర్నీ ఒడియా మీడియంలో వేశాం, ఇక్కడ బతకాలంటే అదే దారి అని మా ఆయన పట్టుబట్టారు. దాంతో ఏమైందంటే, స్కూల్ డైరీలో మాస్టారు ఏం రాసినా నాకు చదివి చెప్పేవాడు మా పెద్దోడే. అప్పుడు వాడిది ఏడో తరగతి. "ఏం రాశార్రా?" అంటే "ఏటీ లేదమ్మా, రేపు సెలవట, సంతకం పెట్టు" అనేవాడు. పొయ్యి మీద చారు పొంగుతుంటే తడి చెయ్యి చీరకి తుడుచుకుని పెట్టేసేదాన్ని. ఆ ఏడాది ఒడిశాలో ఇన్ని సెలవులేమిటి అని కూడా అనుకున్నాను, రజో పండగ, బాహుడా యాత్ర, ఏవో ఉంటాయిలే అని సరిపెట్టుకున్నాను.

చివరికి మాస్టారు మా ఆయనకి ఫోన్ చేశారు. డైరీ తిరగేస్తే పదకొండు ఫిర్యాదులు, వాటి కింద నా పదకొండు సంతకాలు. హోంవర్క్ చేయలేదు, క్లాసులో అల్లరి, పక్క పిల్లాడి జామెట్రీ బాక్స్ విరిచేశాడు, తల్లిదండ్రులు వచ్చి కలవాలి, మళ్లీ తల్లిదండ్రులు వచ్చి కలవాలి.

ఆ రాత్రి ఇంట్లో ఏం జరిగిందో మీరే ఊహించుకోవచ్చు, చాలా ఇళ్లలో జరిగేదే. మా ఆయన రెండు తగిలించారు, నేను ఏడ్చాను, మా అత్తగారు "పిల్లడిని చంపేస్తావేట్రా" అని కొడుకుని కేకలేసి మనవణ్ణి చంకనేసుకున్నంత పని చేసి బజారుకి తీసుకుపోయి గుప్‌చుప్ (అదే, పానీపూరీ) తినిపించి తెచ్చారు. మర్నాడు పొద్దున్న వాడు ఏమీ జరగనట్టే బూట్లు వేసుకుంటూ పాట పాడుకుంటున్నాడు. అప్పుడు నాకు తట్టింది, వీడి లెక్కలో నిన్నటితో బాకీ తీరిపోయింది. తప్పు చేశాడు, దెబ్బలు తిన్నాడు, చెల్లుకు చెల్లు. ఆ జామెట్రీ బాక్స్ పిల్లాడి సంగతి ఎవరికీ గుర్తు లేదు, మాకూ లేదు.

అప్పటి నుంచి ఏడాదిన్నరగా మా ఇంట్లో ఏం మార్చామో, ఏది పనిచేసిందో, ఏది బెడిసికొట్టిందో రాస్తున్నాను. నేను డాక్టర్నీ కాదు, సైకాలజిస్టునీ కాదు. ఇద్దరు పిల్లల తల్లిని, అంతే.

ముందు క్రియ సంగతి చూడండి

పిల్లలు తప్పు చేసి వచ్చి ఎలా చెబుతారో ఒకసారి చెవి పెట్టి వినండి. "గ్లాసు పగిలిపోయింది." "పెన్ను పోయింది." "వాడికి దెబ్బ తగిలింది." "మార్కులు తగ్గిపోయాయి." గ్లాసు తనంతట తనే పగిలింది, పెన్ను కాళ్లొచ్చి నడిచిపోయింది, దెబ్బ ఎక్కడి నుంచో వచ్చి తగిలింది. చేసినవాడు వాక్యంలోనే ఉండడు! మన భాషలో ఈ సదుపాయం బ్రహ్మాండంగా ఉంది, పగలడానికీ పగలగొట్టడానికీ వేరు వేరు మాటలున్నాయి, పిల్లలు రెండేళ్లు నిండకుండానే ఏది తమకి లాభమో కనిపెట్టేస్తారు. (గిడుగు రామమూర్తి గారు బడిపంతులుగా పనిచేసిన ఊరు మాది, వాడుక భాష గురించి ఆ మాత్రం పట్టింపు ఉండదా మాకు.)

ఒడియాలోనూ అంతే. "భుల్ హోయిగలా" అంటే తప్పు జరిగిపోయింది. "ముఁ భుల్ కలి" అంటే నేను తప్పు చేశాను. మొదటిది రోజుకి పదిసార్లు వినబడుతుంది, రెండోది నెలకోసారి వినబడితే గొప్ప.

అందుకని మా ఇంట్లో పెట్టిన మొదటి నియమం ఇదొక్కటే, వాక్యం మార్చి చెప్పాలి. "పాలు ఒలికిపోయాయి" అంటే నేను కోప్పడను, "ఎవరు ఒలికించారో కలిపి చెప్పు" అంటాను. "నేను ఒలకబోశాను." సరే, గుడ్డ తీసుకురా. అక్కడితో అయిపోయింది, ఉపన్యాసం లేదు. ఇది చిన్న విషయాల్లో అలవాటు చేయాలి, పాలూ గ్లాసులూ చెప్పుల జతలూ లాంటి వాటి దగ్గర, ఎందుకంటే అక్కడ భయం తక్కువ. పెద్ద తప్పు చేసి వచ్చిన రోజు కొత్తగా నేర్పుదామంటే నోరు పెగలదు.

ఒక్క షరతు. నిజం చెప్పిన పిల్లాడికి, దాచిన పిల్లాడికి ఒకే రకం గతి పడితే ఇంకోసారి ఎవడు చెబుతాడు? "నువ్వే వచ్చి చెప్పావు కాబట్టి అరవను, కానీ సరిచేయాల్సింది సరిచేయాలి" అనే మాట నేను ప్రతిసారీ అంటాను. అరవకుండా ఉండటం నాకు ఇప్పటికీ కష్టమే, అబద్ధం ఎందుకు, గొంతు పెద్దది నాది.

తెలిసిన సమాధానానికి ప్రశ్న వేయకండి

మాస్టారు ఫోన్ చేసేశారు, డైరీ మన చేతిలో ఉంది, అయినా పిల్లాణ్ణి పిలిచి "ఈ రోజు స్కూల్లో ఏమైనా జరిగిందా?" అని అమాయకంగా అడుగుతాం. వాడు "ఏం లేదు" అంటాడు. అప్పుడు "అబద్ధాలు కూడానా!" అని రెండో కేసు పెడతాం. ఆ రెండో తప్పు మనం చేయించిందే. వల పన్ని పట్టుకోవడానికి వాడేమైనా మా ఊరి మహేంద్రతనయ నదిలో చేపా?

తెలిసిందని చెప్పే మొదలుపెట్టండి. "మాస్టారు ఫోన్ చేశారు, బాక్స్ నువ్వు విరిచావని తెలుసు. అసలు ఎలా మొదలైందో చెప్పు." ఇలా అంటే వాడికి కాదనే అవకాశం పోతుంది, చెప్పుకునే అవకాశం మిగులుతుంది. ఆ చెప్పుకునేదాంట్లో కారణాలుంటాయి, వినండి. మావాడి విషయంలో ఆ పక్క పిల్లాడు వీణ్ణి 'తెలంగా' అని వెక్కిరించేవాడట రోజూ. తెలుగువాళ్లని ఇక్కడ అలా అంటారు, అన్నిసార్లూ తిట్టుగా కాదు, కానీ పిల్లల నోట్లో ఏ మాటైనా రాయి అవుతుంది. వాడి బాధ నిజమే, నాకూ మనసు చివుక్కుమంది. కానీ అది విన్నాక నేను అన్నది ఇది: "వాడు అలా అనడం తప్పు, ఆ మాట మాస్టారికి నేను చెబుతాను. బాక్స్ విరవడం నీ తప్పు, అది నువ్వు చూసుకోవాలి." రెండూ వేరు వేరు ఖాతాలు. ఒకదాంట్లోంచి తీసి ఇంకోదాంట్లో జమ వేయనివ్వకూడదు. చాలామంది తల్లులం ఇక్కడే జారిపోతాం, పిల్లాడికి కారణం దొరకగానే తప్పు మాఫీ చేసి అవతలి పిల్లాడి మీదకి యుద్ధానికి వెళ్లిపోతాం.

ఇంకో సంగతి, ముఖ్యంగా మనలాంటి సరిహద్దు ఊళ్ల వాళ్లకి. రాయగడలో ఉన్నా, గుణుపురంలో ఉన్నా, బరంపురంలో ఉన్నా, అటు మహారాష్ట్రలో సిరొంచలో ఉన్నా ఇదే కథ, బడి భాష పిల్లలకి వచ్చు, మనకి రాదు. వాడి కేసులో వాడినే దుబాసీగా పెట్టకండి. మాస్టార్ని కలవడానికి వెళ్లినప్పుడు పిల్లాడు మధ్యలో నిలబడి "సార్ ఏమంటున్నారంటే..." అని చెబుతుంటే ఆ మీటింగ్ దండగ. పక్కింటివాళ్లనో, ఆఫీసులో పనిచేసే మరిదినో తోడు తీసుకెళ్లండి. లేదంటే డైరీ పేజీకి ఫోన్ చూపిస్తే అనువాదం చేసే యాప్‌లున్నాయి, తప్పుల తడకే అయినా 'సెలవు'కీ 'ఫిర్యాదు'కీ తేడా తెలుస్తుంది.

సరిచేయించడం అంటే ఏమిటి

వియన్నాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన రుడాల్ఫ్ డ్రైకర్స్ అనే మానసిక వైద్యుడు పోయిన శతాబ్దంలో ఒక తేడా చెప్పాడు. కొన్ని తప్పుల ఫలితం దానంతటదే వస్తుంది, గొడుగు మర్చిపోతే తడుస్తావు. కొన్నిటికి పెద్దవాళ్లు ఏర్పాటు చేయాలి, కానీ ఆ ఏర్పాటుకీ తప్పుకీ సంబంధం కనబడాలి. మనం వేసే శిక్షల్లో చాలావాటికి ఆ సంబంధం ఉండదు. చెల్లిని కొడితే ఫోన్ లాక్కోవడం, మార్కులు తగ్గితే క్రికెట్ బంద్, అబద్ధం చెబితే గుంజీలు. మా చిన్నప్పుడు గోడకుర్చీ వేయించేవారు, తొడపాశం పెట్టేవారు, మా నాన్నగారి కాలంలో అయితే కోదండం కూడా ఉండేదట. గోడకుర్చీ వేస్తే తొడలు గట్టిపడ్డాయేమో గానీ ఎక్కాలు మాత్రం రాలేదు నాకు.

మా ఇంట్లో ఇప్పుడు అడిగే ప్రశ్న ఒకటే: దీనివల్ల ఎవరికి నష్టం, ఆ నష్టం నువ్వు ఎలా పూడుస్తావు? జవాబు వాడే చెప్పాలి. మొదట్లో "సారీ చెబుతా" అంటారు, అది అన్నిటికంటే చవకైన జవాబు. "సారీ చెబితే బాక్స్ అతుక్కుంటుందా?" అని అడిగితే కాసేపు నేల చూపులు చూసి "కొనిస్తా" అంటారు. "ఎవరి డబ్బులతో?" అంటే ఇంకాసేపు నేల చూపులు.

మావాడి దగ్గర సంక్రాంతికి మావయ్య ఇచ్చిన ఐదొందలున్నాయి. అందులోంచి నూట అరవై పెట్టి కొత్త బాక్స్ కొన్నాడు. నేను పది రూపాయలు కూడా కలపలేదు, కలపాలనిపించింది, వాడి మొహం చూస్తే. వాళ్ల నాన్న తోడు వెళ్లారు, కానీ గేటు బయట ఆగిపోయారు. లోపలికెళ్లి బాక్స్ ఇచ్చి "ముఁ భుల్ కలి" అని వాడే చెప్పాలి, ఆ మాట ముందు రోజు రాత్రి నా దగ్గరే నాలుగుసార్లు అని చూసుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు చేతిలో కాగితం పొట్లం, ఆ పిల్లాడి అమ్మ ఆరిసా పిఠా పెట్టి పంపింది. "అమ్మా, అవి మన అరిసెలే" అన్నాడు నోటినిండా పెట్టుకుని. ఆ ఇద్దరూ ఇప్పుడు ప్రాణ స్నేహితులు అని రాయాలని ఉంది కానీ అలా ఏం జరగలేదు, ఒకరి జోలికి ఒకరు వెళ్లరు, అది చాలు.

దొంగ అనువాదాలకి వేరే లెక్క. అక్కడ విరిగింది నమ్మకం. డైరీలోని పదకొండు ఫిర్యాదులూ వాడే మాకు తెలుగులో చదివి వినిపించాలి, ఒక నోటుబుక్కులో రాయాలి, దాన్ని మాస్టారికి చూపించి సంతకం తేవాలి. తర్వాత రెండు నెలలు డైరీ నాన్నే చూస్తారు, నాన్న ఊళ్లో లేకపోతే మాస్టారికి ఫోన్ చేస్తాం. రెండు నెలలు అని ముందే చెప్పాం, తేదీ క్యాలెండర్ మీద గుండ్రంగా చుట్టాం. ఆ తేదీ రాగానే ఆపేశాం కూడా. ఇది మర్చిపోకండి, నమ్మకం తిరిగి సంపాదించుకునే దారి కనబడకపోతే పిల్లలు ఎలాగూ దొంగనే కదా అని దొంగగానే ఉండిపోతారు.

పెట్టే షరతు చిన్నదిగా ఉండాలి, తప్పకుండా జరగాలి. "నెల రోజులు ఫోన్ ముట్టుకోవద్దు" అని అరుస్తాం, మూడో రోజు మనకి తలనొప్పి వచ్చి "ఇదిగో పట్టుకుని నోర్మూసుకో" అని మనమే ఇచ్చేస్తాం. ఒక్క రోజు చెప్పి ఆ ఒక్క రోజు ఇవ్వకుండా ఉండటం దానికంటే వంద రెట్లు నయం. గుప్‌చుప్ బండి దగ్గర పిల్లలు ఏడవడం చూస్తాం కదా, పదిసార్లలో తొమ్మిదిసార్లు వద్దని పదోసారి కొనిస్తే పిల్లకి అర్థమయ్యేది వద్దు అన్న మాట కాదు, పదిసార్లు ఏడవాలి అని. పైగా కొత్తగా గట్టిగా నిలబడటం మొదలుపెట్టిన వారం పది రోజులు అల్లరి తగ్గదు, పెరుగుతుంది. ఇదివరకు పనిచేసిన ఏడుపు ఇప్పుడు పనిచేయకపోయేసరికి గొంతు పెంచి చూస్తారు. చాలామంది అక్కడే "ఈ పద్ధతులు మన పిల్లలకి పనికిరావు" అని వదిలేస్తారు. నేనూ ఒకసారి వదిలేశాను, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఇదంతా ఏడెనిమిదేళ్లు దాటిన వాళ్లకి. మూడు నాలుగేళ్ల పిల్లలకి రాత్రి అన్నం తిన్నాక మాట్లాడదాం అంటే ఏమీ ఉండదు, పొద్దున్న చేసింది వాళ్లకి గుర్తే ఉండదు. అప్పటికప్పుడు, రెండు ముక్కల్లో. బొమ్మ విసిరావు, బొమ్మ పైన పెట్టేస్తున్నాను. అంతే. పెద్దపిల్లల విషయంలో మాత్రం అప్పటికప్పుడు వద్దు, కోపం మన నెత్తి మీద కూర్చుని ఉంటుంది. "రాత్రి అన్నం తిన్నాక మాట్లాడదాం" అనండి, రాత్రి అన్నం తిన్నాక నిజంగా మాట్లాడండి.

నానమ్మ, మావయ్య, నలుగురు

పెద్దవాళ్లున్న ఇంట్లో ఈ పద్ధతులన్నీ వాళ్ల దగ్గరే ఆగిపోతాయి. మా అత్తగారితో నేను ఆర్నెల్లు పోట్లాడాను, మీరు వెనకేసుకొస్తున్నారు అని నేను, మా కాలంలో మేము పెంచలేదా అని ఆవిడ. ఇద్దరం వాడి ముందే. వాడు మా ఇద్దరి మధ్య కబడ్డీ గీత మీద ఉన్నట్టు ఎటు వీలైతే అటు దూకేవాడు.

తర్వాత తెలివొచ్చి ఆవిడకి పని అప్పజెప్పాం. పిల్లల డబ్బుల డబ్బా ఆవిడ దగ్గరే. ఎవరెంత దాచుకున్నారు, ఏది విరిస్తే ఎంత తీశారు, అన్నీ ఆవిడే చూడాలి. వీధిలో ఇరవై ఏళ్లు చీటీలు నడిపిన మనిషి, రూపాయి తేడా రానివ్వదు. ఇప్పుడు మనవడు గారం చేస్తూ "నానమ్మా, ఈసారికి వదిలేయవా" అంటే "డబ్బా తాళం నా దగ్గరుంది గానీ నాయినా, లెక్క నాది కాదు కదా" అంటుంది. నేను వంటింట్లో నవ్వుకుంటాను. గుప్‌చుప్ మాత్రం ఇంకా తినిపిస్తుంది, తినిపించనీ, ప్రేమకి అడ్డం చెప్పడం నా ఉద్దేశం కాదు.

పిల్లలకి ఇంకో దారి కూడా ఉంది, మన ఊళ్లలో. ఊరు దాటితే ఆంధ్రా. పాతపట్నంలో మా అన్నయ్య ఇల్లు, ఇక్కడ ఏదైనా వద్దంటే శనివారం అక్కడికి వెళ్లిపోయి మావయ్య ఫోన్‌లో అదే ఆడుకుంటాడు. 1936లో ఒడిశాని వేరే రాష్ట్రం చేస్తూ సరిహద్దు గీత గీసినవాళ్లు ఇలాంటి ఉపయోగం ఉంటుందని ఊహించి ఉండరు. అన్నయ్యకి ఫోన్ చేసి చెప్పాను, "అన్నయ్యా, ఆదివారం దాకా వాడికి ఫోన్ లేదు, కారణం వాడే చెబుతాడు." ఆ చివరి ముక్క కావాలనే పెట్టాను. తప్పు గురించి నేను చాడీ చెప్పలేదు, చెప్పుకోవడం వాడి పని. అన్నయ్య అడిగాడట, వీడు నీళ్లు నమిలి చెప్పాడట, తర్వాత ఇద్దరూ కలిసి అష్టాచెమ్మా ఆడారట.

దీనికి వ్యతిరేకం ఏమిటంటే పెళ్లిళ్లలో పేరంటాల్లో పిల్లల తప్పులు కథలుగా చెప్పడం. "మావాడు ఏం చేశాడో తెలుసా వదినా, ఎనిమిది నెలలు..." అని నేనే ఒకసారి మొదలుపెట్టాను, అందరూ నవ్వారు, వాడు పందిట్లోంచి లేచి వెళ్లిపోయాడు. సరిచేసిన తప్పుని మళ్లీ తవ్వితే సరిచేయడం ఎందుకు? ఇప్పుడిది రాసే ముందు వాడిని అడిగాను. "పేరు రాయకు" అన్నాడు. రాయలేదు.

కొట్టడం గురించి, బండి గురించి

కొట్టొద్దు అని నీతులు చెప్పను, మా ఆయన కొట్టిన సంగతి పైనే రాశాను. దెబ్బతో పని తొందరగా అయినట్టు కనబడుతుంది. కానీ పిల్లాడు ఆ తర్వాత ఆలోచించేది తను చేసిన పని గురించి కాదు, నాన్న చేసిన పని గురించి. ఈసారి దొరక్కుండా ఎలా చేయాలి అని కూడా. మాస్టార్ని కలిసినప్పుడు "మీరే రెండు తగిలించండి సార్, మేమేమీ అనుకోం" అనే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది. 2009 విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షన్ ప్రకారం బడిలో పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం నిషేధం, మీరు అనుమతి ఇచ్చినంత మాత్రాన అది మారదు. ఆయన్ని ఇరకాటంలో పెట్టకండి, దానికి బదులు "వాడు సరిచేశాడో లేదో శుక్రవారం ఒక్క ఫోన్ చేసి చెప్పండి" అని అడగండి. మావాడి మాస్టారు అలా మూడు శుక్రవారాలు చేశారు, నాలుగోది మర్చిపోయారు, పాపం క్లాసులో ఎంతమందో.

బండి విషయంలో మాత్రం నేను ఏ సరిదిద్దుకోవడాలూ మాట్లాడను. పదమూడు పద్నాలుగేళ్ల గుంటలు ముగ్గురేసి ఎక్కి పాతపట్నం రోడ్డు మీద పోతుంటారు, తండ్రులు "మావాడు భలే నడుపుతాడు" అని మురిసిపోతుంటారు. పద్దెనిమిది నిండకుండా లైసెన్స్ రాదు, యాభై సీసీ లోపు బండికి మాత్రమే పదహారు. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించాక మైనర్ బండి నడిపి నేరం చేస్తే జవాబు చెప్పాల్సింది తల్లిదండ్రి లేదా బండి యజమాని: 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దు. ఆ పిల్లాడికి ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. ఇది కేంద్ర చట్టం, గీతకి అటైనా ఇటైనా ఒకటే, ఒడిశా పోలీసులు చూడరు ఆంధ్రా పోలీసులు పట్టించుకోరు అనే లెక్కలు వేసుకోకండి. తాళం మేకుకి తగిలించి "తీయొద్దు" అనడం కాదు, తాళం జేబులో పెట్టుకోండి. కొన్నిటికి అనుభవం నేర్పేదాకా ఆగకూడదు.

ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను. ఇంతకాలం బాగున్న పిల్ల ఉన్నట్టుండి మాట తగ్గించేసినా, నిద్ర పోకపోయినా, బడి అంటే వణికిపోతున్నా, ఇంట్లో డబ్బులు పదే పదే మాయమవుతున్నా అది అల్లరి కాకపోవచ్చు, ఎవరో బెదిరిస్తుండొచ్చు. అప్పుడు లెక్కలు అడగొద్దు, పక్కన కూర్చోండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098, మనసు బాగోకపోతే టెలిమానస్ 14416, రెండూ ఉచితమే. డాక్టర్‌కి చూపించాలంటే మాకైతే బరంపురం మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది.

మన వంతు

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంటారు. చీటీ డబ్బులకి మనిషి వస్తే "నాన్న లేరని చెప్పు" అని పిల్లాణ్ణే గుమ్మంలోకి పంపుతాం. వాడు అనువాదాలు ఎక్కడ నేర్చుకున్నాడంటారు మరి?

ఆ పదకొండు ఫిర్యాదుల రాత్రి తర్వాత ఒక రోజు, నోటుబుక్కులో అన్నీ రాసి తెచ్చి చూపించాక, మావాడు ఒక మాట అన్నాడు. "చదవకుండా సంతకం పెట్టింది నువ్వు కదా." మా ఆయన లేవబోయారు, నేను ఆగమన్నాను. "అలా జరిగిపోయిందిరా" అనబోయి నాలుక కరుచుకున్నాను, మా ఇంటి నియమం నాకూ వర్తిస్తుంది కదా. "అవును, చదవకుండా పెట్టాను" అన్నాను. మరి ఎలా సరిచేస్తావ్ అని వాడు అడగలేదు, అడిగినట్టే చూశాడు. దసరాకల్లా ఒడియా చదవడం నేర్చుకుంటానని క్యాలెండర్ మీద ఇంకో గుండ్రం చుట్టాం.

చిన్నదాని ఒకటో తరగతి పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. ఒడియా అక్షరాలు మన తెలుగు వాటిలాగే గుండ్రంగా ఉంటాయి, తాటాకు మీద గీతలు గీస్తే చిరుగుతుందని అలా వచ్చాయంటారు, కానీ అన్నీ తలకి గొడుగు పట్టుకున్నట్టుండి ఏది ఏదో తెలిసేది కాదు. దసరాకి రాలేదు. దీపావళికి కూడా రాలేదు. సంక్రాంతికి కూడబలుక్కుని చదవడం వచ్చింది. ఆలస్యమైనందుకు మా అత్తగారు డబ్బాలోంచి నా వంతు యాభై రూపాయలు తీశారు, మొహమాటం లేకుండా.

పోయిన వారం చిన్నది డైరీ తెచ్చింది. దానిది ఇప్పుడు రెండో తరగతి. నేను అద్దాలు పెట్టుకుని ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదువుతున్నాను, క్లాసులో... మాట్లాడు... "క్లాసులో బాగా మాట్లాడుతుంది అని రాశారమ్మా, సంతకం పెట్టు" అంది అది, గబగబా. మంచం మీద పడుకుని ఏదో చదువుకుంటున్న పెద్దోడు లేచి వచ్చి నా భుజం మీద నుంచి తొంగి చూశాడు.

"బాగా అని లేదమ్మా. పాఠం చెబుతుంటే మాట్లాడుతోంది, వద్దన్నా వినట్లేదు అని ఉంది."

చిన్నది వాడి వంక చూసిన చూపుకి ఎండుగడ్డి అయితే అంటుకునేది. నేను పెన్ను పక్కన పెట్టాను. "రాత్రి అన్నం తిన్నాక మాట్లాడదాం" అన్నాను.